ఎనిమిది ఉందన్నావు కదా వదినా

బేకరీ మీది వాటా,
సోమవారం.

వదినా,

బాగున్నావా అని అడగను. మీ సర్వే ఆఫీసు టపా జీపు డ్రైవరు కింద బేకరీలో బన్ను తింటూ నీ సంగతులన్నీ చెప్పేశాడు. కొత్త పటాల గదిలో కిటికీ పక్క బల్ల నీకే ఇచ్చారట. అన్నయ్య లారీ తీసుకుని వెళ్ళినవాడు ఇంకా ఇల్లు చేరలేదట. నీకు ఫోన్ చేద్దామంటే, క్యాంపులో ఉంటే నీకు సిగ్నల్ ఉండదు, నువ్వు ఇంట్లో ఉంటే నాకు మాట్లాడే చోటుండదు. మాకున్నది ఒక్క గది. నువ్వు ఇల్లు చేరే వేళకి ఆయనా అందులోనే ఉంటారు. మీ జీపు వారానికి రెండుమూడుసార్లు ఎలాగూ ఇటు వస్తుంది కాబట్టి ఉత్తరానికి స్టాంపు ఖర్చు కూడా లేదు. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, నీ ఆఫీసు జీపు మీద నాకు ఆ మాత్రం హక్కు లేదా?

ఇప్పుడు అసలు సంగతి. నువ్విచ్చిన లాప్‌టాప్ నన్ను ఏడిపిస్తోంది. నా పని నీకు తెలుసుగా, ఆసుపత్రి డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని టైపు చేసి పంపాలి. డాక్టరుగారు 'గుండె' అంటారు. తెరమీద 'గు' పడేసరికి ఆయన కాలేయం దాకా వెళ్ళిపోయి ఉంటారు. ఇంతకాలం ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు నాకు పనిచ్చే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతోంది. నెలాఖరులోగా ఎవరి మిషన్ వాళ్ళు పరీక్ష చేయించుకోవాలట. మెమరీ కనీసం ఎనిమిది జీబీ ఉండాలి. తిరిగే డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డి ఉండాలి. పరీక్షలో తప్పిన వాళ్ళకి పని ఉండదు.

ఆయన పనిచేసే అచ్చు ప్రెస్సు మూసేశాక ఇంట్లోకి వచ్చేది నా టైపు సంపాదన ఒక్కటేనని నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన రోజూ పొద్దున్నే షర్టు ఇస్త్రీ చేసుకుని ఏదో ఒక ప్రెస్సుకి వెళ్ళి అడిగి వస్తున్నారు. ఫోర్‌మన్‌గా చేసిన మనిషి, గుమ్మం బయట నిలబడి అడగాలంటే ఎలా ఉంటుందో పాపం. నేను గట్టిగా ఏదీ అనను. కానీ ఈ పని కూడా పోతే మా గతేమిటని ఒకటే దడ.

నా దగ్గరున్న దాంతో ఒక్క వస్తువే వస్తుంది. నువ్వు ఇచ్చేటప్పుడు మెమరీ ఎనిమిది ఉందన్నావు కదా వదినా? మరి ఇందులో నాలుగే చూపిస్తోందేమిటి? చూడడం నాకు చేతకాలేదా? ఆయన్ని అడిగితే "ముసలిదైపోయింది, దానికీ మతిమరుపు వచ్చుంటుంది" అని నవ్వేసి, చెప్పులేసుకుని కిందికి వెళ్ళిపోయారు. నువ్వే చెప్పాలి. దీన్ని నిలబెట్టే దారేదో తొందరగా రాయి.

నీ
చిట్టి


సర్వే ఆఫీసు, పటాల గది,
గురువారం.

చిట్టీ,

అర్ధమొగుడివని ఒప్పుకున్నాను. అయితే మిగతా సగం మొగుడిలాగా నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి రా. మీ అన్నయ్య మొన్న వచ్చి, స్నానం చేసి, పడుకుని, లేచి మళ్ళీ లారీ ఎక్కారు. నాతో మాట్లాడింది తక్కువ, టైర్ల గురించి ఫోన్‌లో మాట్లాడింది ఎక్కువ.

లాప్‌టాప్ సంగతి. కంగారుపడకు. ఉన్న డబ్బుతో ముందు ఎస్‌ఎస్‌డి కొను. ఆ పాత డిస్కు లోపల పళ్ళెంలాగా గిరగిరా తిరగాలి, నీ టైపు అందుకోలేక రొప్పుతుంది. అది మారిస్తే ముసలిదానికి సగం రోగం కుదురుతుంది. అన్నింటికన్నా చిన్న సైజుది చాలు, పని పంపాక ఆ రికార్డులు నువ్వెలాగూ చెరిపేస్తావు. సెకండ్‌హ్యాండ్ ఎస్‌ఎస్‌డి మాత్రం ఎవరు ఎంత తక్కువకి ఇస్తామన్నా కొనకు. అది ఎంత అరిగిందో మన కంటికి కనబడదు. బ్యాటరీ జోలికి పోకు. ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టుకుని చేస్తావు, దానికి డబ్బు తగలేయడం దండగ.

మెమరీ గురించి నువ్వు ఏమీ కొనకు. అది నాకు వదిలెయ్యి. నాలుగు చూపిస్తే చూపించనీ. వచ్చే నెల జీతం రాగానే నేను వస్తాను, వచ్చినప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఎవరిచేతా దాని అడుగు మూత విప్పించకు. నా మాట విను. ఎస్‌ఎస్‌డి కొని పక్కన పెట్టుకో, అది కూడా నేనే బిగిస్తాను. వీధిలో రిపేరు వాళ్ళు ఒకటి బాగుచేస్తూ ఇంకొకటి పాడుచేస్తారు.

మీ ఇంట్లో అన్నయ్యగారిని అడిగానని చెప్పు. దిగులు పెట్టుకోవద్దని, అన్నీ సర్దుకుంటాయని నా మాటగా చెప్పు.

వదిన


బేకరీ మీది వాటా,
మంగళవారం.

వదినగారికి,

మీరు ఎవరిచేతా విప్పించొద్దని రాశారు. నేను విప్పించాను.

వచ్చే నెల దాకా ఆగమని రాసేటప్పుడు నెలాఖరుకి నా పని పోతుందన్న మాట మీకు గుర్తులేదా అని మొదట అనుకున్నాను. ఇప్పుడు ఎందుకు ఆగమన్నారో తెలిసింది. ఎస్‌ఎస్‌డి కొన్నాను. సంతలో రిపేరు బల్ల దగ్గర కూర్చుని నా కళ్ళెదురుగానే మూత తీయించాను. అందులో మెమరీకి రెండు స్లాట్లు ఉన్నాయి. ఒకదాంట్లో నాలుగు ఉంది. రెండోది ఖాళీ. "ఇక్కడ ఇంకోటి ఉండాలమ్మా, ఎవరో తీసేసుకున్నారు. స్క్రూల మీద గీతలు చూడండి, విప్పిన గుర్తులు" అన్నాడతను. చుట్టూ నలుగురు ఉన్నారు. "కొన్నదా, ఎవరైనా ఇచ్చిందా?" అని అడిగాడు. మా వదిన ఇచ్చింది అన్నాను. అతను ఒకసారి నా మొహంలోకి చూసి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇష్టం లేకపోతే ఇవ్వకుండా ఉండాల్సింది. లేదా నాలుగు తీసుకున్నానే చిట్టీ, నా కొత్తదాంట్లో వేసుకుంటున్నా అని చెప్తే సంతోషంగా సరేననేదాన్ని. ఇచ్చిన రోజు అందరిముందూ ఏమన్నారు? "ఎనిమిది ఉంది, నీకు ఇంకో అయిదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారు. అమ్మ కూడా వింది. మా కోడలిది పెద్ద చెయ్యి అని పక్కవాళ్ళకి చెప్పుకుంది. నేను ఎనిమిది నెలలుగా రాత్రనక పగలనక దీంతో పడుతున్న అవస్థకి నా చేతకానితనమే కారణమనుకున్నాను. నెమ్మదిగా చేస్తున్నానని కంపెనీ నాకు రెండుసార్లు చీవాట్లు పెట్టింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. నేను అడిగింది ఒకటి, మీరు రాసింది ఒకటి. ఆయనకి చెప్తే, "వదిలెయ్యవే, పోయిందేదో పోయింది, ఎందుకు రచ్చ" అంటున్నారు. ఆయనది మెత్తని మనసు. నాది కాదు. అమ్మకీ పెద్దక్కకీ ఫోన్ చేసి చెప్పాను. అన్నయ్యకి కూడా చెప్పాను. దాచిపెట్టాల్సిన పని నేనేమీ చెయ్యలేదు.

ఎస్‌ఎస్‌డి బిగించారు. మెమరీ కొనడానికి నా దగ్గర ఏమీ లేదు. నెలాఖరుకి ఇంకెంతో లేదు. మీకేం అవసరం అనుకోండి, ఊరికే చెప్తున్నాను.

చిట్టి


సర్వే ఆఫీసు, పటాల గది,
శుక్రవారం.

చిట్టీ,

నీ ఉత్తరం అందింది.

అవును. నేనే తీశాను. నా కొత్తదాంట్లో వేసుకుందామని తీశాను, తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. తప్పే. నన్ను క్షమించు.

దీంతోపాటు చిన్న అట్టపెట్టె పంపుతున్నాను. అందులో నాలుగు మెమరీ ఉంది. కొత్తదే. దానికి ఒకవైపు చిన్న గాటు ఉంటుంది, స్లాట్‌లో ఉన్న చిన్న బొడిపెకి ఎదురుగా పట్టుకుని ఏటవాలుగా దోపి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడతాయి. బలం పెట్టక్కర్లేదు. ముందు ఒంటిమీది కరెంటు దిగిపోయేలా చెయ్యి ఒకసారి ఏదైనా ఇనుప వస్తువుకి తాకించుకో. సంతలో అతని దగ్గరికి వెళ్ళినా సరే, మళ్ళీ అందరిలో కూర్చోవడం ఇష్టం లేకపోతే నువ్వే పెట్టగలవు.

నెలాఖరులోగా పరీక్ష చేయించుకో.

వదిన


బేకరీ మీది వాటా,
ఆదివారం.

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. బేకరీ వాళ్ళు కింద పెద్దగా రేడియో పెట్టారు, లేకపోతే నా ఏడుపు వీధిలోకి వినపడేది.

జీపు డ్రైవరు పెట్టె తెచ్చిచ్చేసరికి మేం అన్నానికి కూర్చున్నాం. నేను ఎడమచేత్తో పెట్టె విప్పి, నీ ఉత్తరం తీసి, ఆయనకి వినబడేలా చదివాను. గొంతు పెంచి చదివాను వదినా. 'అవును, నేనే తీశాను' అన్నచోట ఆగి, "చూశారా? మీరేమో వదిలెయ్యమన్నారు. తన చేత్తోనే రాసి ఒప్పుకుంది!" అన్నాను. ఇంకోసారి చదివాను. ఆయన కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "నీళ్ళు కావాలా?" అన్నాను. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"అది ఆ అమ్మాయి తియ్యలేదే. నేను పాడుచేశాను" అన్నారు.

నీకంతా తెలుసు. అయినా ఆయన నోటినుంచి నేను విన్నది రాస్తాను. నేను ఆసుపత్రి కంపెనీ వాళ్ళ మీటింగుకి వెళ్ళిన రోజు, మిషన్ నెమ్మదిగా ఉందని నేను పడుతున్న బాధ చూడలేక, నేను వచ్చేసరికి బాగుచేసి చూపిద్దామనుకున్నారట. మెమరీ తీసి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతల్ని రబ్బరుతో తుడిస్తే వేగం పెరుగుతుందని ఏదో వీడియోలో చూశారట. రబ్బరు చిన్నపిల్లల వ్యవహారం అనుకున్నారట. ప్రెస్సులో కరెంటు కనెక్షన్లు నల్లబడితే గరుకు కాగితం పెట్టి రుద్దేవాళ్ళు కదా, ఇదీ అంతేననుకుని గరుకు కాగితంతో నిగనిగలాడేదాకా రుద్దేశారు. పైనున్న పూతంతా పోయింది. ఎన్నిసార్లు పెట్టినా మిషన్ దాన్ని గుర్తుపట్టలేదు. రెండోది ముట్టుకోకుండా ఆగారు, అదొక్కటే అదృష్టం.

కిందికెళ్ళి బేకరీ మెట్ల మీద కూర్చుని నీకు ఫోన్ చేశారట. 'చిట్టికి చెప్పకమ్మా, నేనే కొని పెట్టేస్తాను' అన్నారట. నువ్వు మాటిచ్చావు. ఆ మాట కోసం నువ్వు నన్ను విప్పించొద్దన్నావు. నేను నిన్ను దొంగని చేశాను.

నీ దగ్గరకొచ్చి కాళ్ళమీద పడదామనుంది. వస్తే నా మొహం నీకు చూపించాలి. అది నావల్ల కావడంలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ తిడుతూనే ఉంది. నేను నోరు జారి ఊరుకోలేదు, ఫోన్ చేసి మరీ అందరికీ పంచిపెట్టాను. 'మీరు' అని రాశాను నీకు. అది రాస్తున్నప్పుడు నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్తే నువ్వు నమ్మవు.

నీ మెమరీ పెట్టెలోనే ఉంది. దాన్ని పెట్టుకునే అర్హత నాకు లేదు. తిరిగి పంపేస్తాను.

చిట్టి

చెల్లెమ్మా, నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు, అచ్చు వెయ్యడమే వచ్చు. నువ్వు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నావు. నేను మాత్రం మా ఆవిడ నిన్ను తిడుతూ ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని పెన్ను రాయకపోతే నా జేబులోది తీసి ఇచ్చాను. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు. ఇంత వయసొచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నాను. నీ అన్నయ్య.


సర్వే ఆఫీసు క్వార్టర్లు,
బుధవారం.

చిట్టీ,

ముందు ఆ మెమరీ తీసి మిషన్‌లో పెట్టు. పౌరుషాలు తర్వాత. నీ పని పోతే నేను పడ్డ మాటలన్నీ వృథా. మీ ఇద్దరిలో ఎవరూ గరుకు కాగితం మాత్రం పట్టుకోకండి.

నేను తీశానని ఎందుకు రాశానో చెప్తాను, ఇంకెప్పుడూ అడగకు. తియ్యలేదంటే 'మరి ఎవరు?' అని అడుగుతావు. ఇంట్లో ఉండేది మీ ఇద్దరే. ఆ రోజు అన్నయ్యగారు ఫోన్‌లో ఏడ్చారు చిట్టీ. మొదట నేను నవ్వాను, గరుకు కాగితం అనగానే ఎవరికైనా నవ్వొస్తుంది. అవతల గొంతు మారేసరికి నా నవ్వు ఆగిపోయింది. "పనితనం ఒక్కటే మిగిలిందమ్మా నాకు, అది కూడా పోయిందని దానికి తెలియకూడదు" అన్నారు. ఆ మాట విన్నాక నేనెలా చెప్పను? నీకెలాగూ కోపం వచ్చేసింది. అది నామీదే ఉండనీ, ఒకే కప్పు కింద ఉండేవాళ్ళ మధ్య ఎందుకని రాసేశాను.

ఇదంతా చదివి నన్ను దేవతని చెయ్యకు. నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. మీవాళ్ళు నన్ను ఎలాగూ బయటి మనిషిగానే చూస్తారు, ఇంకో మాట పడితే ఎంత బరువులే అనుకున్నాను. బరువే. కిందటి వారం మందులు ఇచ్చి రావడానికి అత్తయ్య ఉంటున్న మీ పెద్దక్క ఇంటికి వెళ్ళాను. బల్లమీద తాళాలగుత్తి ఉంది. నేను కూర్చోగానే అత్తయ్య మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మీ పెద్దక్క ఫోన్ ఛార్జింగులో పెట్టి లోపలికి వెళ్తూ, "చిప్పు లాక్కుపోకు సుమా" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం చెయ్యను? మందుల సంచీ అక్కడ పెట్టి, పని ఉందని చెప్పి వచ్చేశాను.

మీ అన్నయ్య సంగతి కూడా చెప్పనీ. నువ్వు ఫోన్ చేసిన సాయంత్రం లారీ ఆపుకుని నాకు ఫోన్ చేశారు. "ఎందుకు తీశావు?" అన్నారు. తీశావా అని అడగలేదు. ఇన్నేళ్ళు కాపురం చేశాం, ఆ ఒక్క ప్రశ్న అడుగుతారని ఎదురుచూశాను. నేను ఆయనకి కూడా నిజం చెప్పలేదు. మొదట మాటిచ్చానని చెప్పలేదు, తర్వాత పంతం కొద్దీ చెప్పలేదు.

సరే, అయిపోయింది. ఇప్పుడు నువ్వు అందరికీ నిజం చెప్తానని బయలుదేరకు. అన్నయ్యగారు తలెత్తుకోలేరు. ఆయనకి ఉద్యోగం దొరికిన రోజున చెప్పుకుందాం, లేకపోతే మర్చిపోదాం. ఆ తాళాలగుత్తి మాత్రం నేను మర్చిపోలేను. ఆ ఇంటికి ఇక కొన్నాళ్ళు వెళ్ళను. అడిగితే క్యాంపులో ఉన్నానని చెప్పు.

వదిన


బేకరీ మీది వాటా,
సోమవారం.

వదినా,

పరీక్ష నెగ్గింది. ఎనిమిది చూపించింది. మెమరీ నేనే పెట్టాను, ఆయన పక్కన టార్చిలైటు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇప్పుడు డాక్టరుగారు గుండె అనగానే గుండె పడుతోంది. ఇంత మంచి కబురు రాస్తున్నా నాకు సంతోషం లేదు. నీ మాట వినలేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

నిన్న ఇద్దరం పెద్దక్క ఇంటికి వెళ్ళాం. నీ ఉత్తరం ఆయనకి చూపించాను. తాళాలగుత్తి దగ్గర ఆగిపోయి, కాగితం మడతపెట్టి, ఇస్త్రీ షర్టు తీసుకున్నారు. బస్సులో, "నేను చెప్తాను, నువ్వు మాట్లాడకు" అన్నారు. సరేనన్నాను గాని, అక్కడికెళ్ళాక నేనే ముందు మాట్లాడాను. ఆయన అల్లుడిగా ఆ కుర్చీలో కూర్చుని అది చెప్పుకోవడం చూడలేననుకున్నాను. వదిన చేసిన పనే నేనూ చేద్దామనుకున్నాను. "అమ్మా, ఆ మెమరీ వదిన తియ్యలేదు. నేనే విప్పి పాడుచేశాను. భయమేసి వదినమీద పెట్టాను" అన్నాను.

అమ్మ నవ్వేసింది వదినా.

"చిన్నప్పట్నుంచీ అంతే ఇది, గడియారం కనబడితే విప్పేసేది" అంది. పెద్దక్క కూడా నవ్వింది. నాకు ఇంకొంచెం టీ పోసింది. అంతే, అయిపోయింది. నిన్ను ఇన్నాళ్ళు దొంగని చేసిన విషయం, నాకొచ్చేసరికి అల్లరైపోయింది. నాకు ఆ టీ మింగుడు పడలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. కాసేపాగి అమ్మ, "మరి తియ్యకుండానే తీశానని ఆ అమ్మాయి ఎందుకు రాసిందే? ఎవరైనా రాస్తారా? నిప్పు లేనిదే పొగ రాదు, ఇంకేదో ఉండే ఉంటుంది" అంది. నేను అబద్ధమాడి నిన్ను ఇందులోంచి బయటపడేద్దామనుకుంటే, నువ్వు మా కోసం ఆడిన అబద్ధమే నీకు ఉరితాడైంది.

అప్పుడు ఆయన లేచారు. కూర్చుని చెప్పొచ్చు, అయినా లేచి నిలబడ్డారు. చేతులు వెనక్కి పెట్టుకుని మొత్తం చెప్పారు. గరుకు కాగితం, బేకరీ మెట్లు, నీకు చేసిన ఫోను, నేను ఉత్తరం రాస్తుంటే తన పెన్ను ఇవ్వడం, ఏదీ వదల్లేదు. "ఆ అమ్మాయి నా పరువు కాపాడింది. నేను ఆ అమ్మాయి పరువు తీస్తుంటే చూస్తూ కూర్చున్నాను" అన్నారు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నేను ఆయన్ని పెళ్ళి చేసుకున్నాక అంత పెద్ద మనిషిగా ఎప్పుడూ చూడలేదు.

అమ్మ ఏమందో తెలుసా? "అయ్యో, కూర్చోండి బాబూ. చెయ్యేం గీసుకుపోలేదు కదా?" అంది.

ఆయన చెయ్యి పట్టుకుని చూసింది కూడా. పెద్దక్క నన్ను వంటింట్లోకి లాగి, "ఇంత చిన్నదానికి ఆయన్ని అందరిలో నిలబెడతావా, బుద్ధుందా?" అని కసిరింది. ఆయన్ని అందరూ ఓదార్చారు. నన్ను కసిరారు. నీ పేరు ఒక్కరూ ఎత్తలేదు. నేనే అడిగాను. "అమ్మా, వదిన సంగతేంటి?" అన్నాను. "ఏముందే, ఓసారి ఫోన్ చేసి చెప్తాలే. ఆ అమ్మాయి ఏమీ అనుకోదు" అంది. తాళాలగుత్తి బల్లమీదే ఉంది, మేం అక్కడ ఉన్నంతసేపూ అక్కడే ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. మా పుట్టింటి మనుషులు ఇలాంటివాళ్ళని నాకు ఇన్నాళ్ళు తెలియకపోవడానికి, నేను ఎప్పుడూ బల్లకి ఇవతలి పక్క కూర్చోవడమే కారణం. సిగ్గేసింది వదినా. నా గురించి, అమ్మ గురించి, అందరి గురించీ.

అన్నయ్యకి రాత్రి నేనే ఫోన్ చేసి చెప్పాను. లారీ పక్కకి ఆపి విన్నాడు. చివరికి, "నేను దాన్ని అడగనైనా అడగలేదే చిట్టీ" అన్నాడు. సరుకు దించి నేరుగా ఇంటికే వస్తున్నాడు. ఏం చెప్పుకుంటాడో, నువ్వు ఏం వింటావో మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. కాగితం మీద తిట్టినదాన్ని కాగితం మీద క్షమాపణ అడిగి ఊరుకుంటే సరిపోదు. ఒక్కమాట మాత్రం విను. రేపో ఎల్లుండో అమ్మ నీకు ఫోన్ చేస్తుంది. నువ్వు అలవాటుగా, 'పర్లేదు అత్తయ్యా, నేనేం అనుకోలేదు' అనేస్తావు. అనకు. అసలు ఫోన్ ఎత్తకు వదినా. నీ ఇంటికి వచ్చి, నీ ఎదురుగా కూర్చుని చెప్పమను. ఆవిడ ఎంత గొణిగినా సరే, నేను వెంటబెట్టుకుని తీసుకొస్తాను.

చిట్టి